పంచాయతీ డాబా మీద వీశాట్ డిష్ ఉంది, స్కూల్లో నెట్ మాత్రం ఇలా వస్తోంది. శాటిలైట్ నెట్ అంటే ఇంతేనా?

అడవిమల్లె | అక్టోబర్ 3, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్స్ చెప్తాను. మా ఊరికి ఫైబర్ రాలేదు, ఫోన్ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. పంచాయతీ ఆఫీసు డాబా మీద మాత్రం వీశాట్ డిష్ (శాటిలైట్‌కి సిగ్నల్ పంపి, తీసుకునే చిన్న డిష్) ఉంది, ఇస్రో శాటిలైట్ జీశాట్-11 నుంచి నెట్ వస్తుందని పెట్టినవాళ్లు చెప్పారు. అక్కడి నుంచి కేబుల్ లాగి మా కంప్యూటర్ ల్యాబ్‌కి ఇచ్చారు. అది వచ్చిన రోజు పిల్లలు ఎంత సంబరపడ్డారో చెప్పలేను.

ఇప్పుడు ఇబ్బందులు. పేజీ తెరుచుకోవడానికి యుగం పడుతుంది, కానీ వీడియో ఒకసారి మొదలైందంటే బాగానే నడుస్తుంది, ఇది నాకు అస్సలు అర్థం కావట్లేదు. వీడియో కాల్‌లో వేరే స్కూల్ టీచర్‌తో మాట్లాడితే ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఆగిపోతాం, మళ్లీ ఇద్దరం మొదలుపెడతాం. నాలుగు రోజులుగా మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఎర్రటి ఎండలో కొన్ని నిమిషాలు మొత్తం పోతోంది. ఇక వాన సంగతి సరేసరి, చినుకు పడితే చాలు కట్. పోయిన ఏడాది ఇంత లేదు. పింగ్ (సిగ్నల్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము) కొట్టి చూస్తే 640 మిల్లీసెకన్లు చూపిస్తోంది.

స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుతుంటే చివర్లో సబ్మిట్ నొక్కాక మళ్లీ మొదటికొస్తోంది. నిన్న ఒక పాప కోసం మూడుసార్లు నింపాను. పిల్లలు నా ముఖం చూస్తూ కూర్చుంటే కడుపులో దేవినట్టయింది. ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తే "శాటిలైట్ నెట్ అంతే మేడమ్" అని పెట్టేశారు. నిజంగా అంతేనా, లేక బాగుచేసుకునేది ఏమైనా ఉందా?

ప్యాకెట్_పరుగు | అక్టోబర్ 3, రాత్రి 9.48

టీచర్ గారూ, మీరు చెప్పినవన్నీ ఒకే జబ్బు కాదు. కొన్ని ఎవరూ మార్చలేనివి, కొన్ని కచ్చితంగా మార్చుకోగలిగేవి. ముందు మార్చలేనిది చెప్తాను.

జీశాట్-11 భూస్థిర కక్ష్యలో ఉంది, అంటే భూమధ్యరేఖకి సరిగ్గా పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో. మీ ప్రశ్న డిష్ నుంచి పైకెళ్లాలి, అక్కడి నుంచి కిందికి హబ్ స్టేషన్‌కి రావాలి, హబ్ నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లాలి. జవాబు మళ్లీ అదే దారిలో పైకెక్కి మీ దగ్గరికి దిగాలి. అంటే ఒక ప్రశ్న, ఒక జవాబుకి ఆకాశం నాలుగుసార్లు దాటాలి. మీ ఊరి నుంచి ఏటవాలుగా కొలిస్తే ఒక్కో దాటు 36 వేల కిలోమీటర్ల పైమాటే, మొత్తం దాదాపు లక్షా నలభై ఐదు వేల కిలోమీటర్లు. కాంతి సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి దారికే 480 మిల్లీసెకన్లు అయిపోయాయి. పైన హబ్, మోడెమ్ తమ పని చేసుకోవడానికి కొంత. మీకొచ్చిన 640 బాగున్నట్టే లెక్క.

పేజీ ఎందుకు ఆలస్యం, వీడియో ఎందుకు బాగుంది అన్నారు కదా. పేజీ తెరవడమంటే ఒక ప్రశ్న కాదు. మొదట సైట్ అడ్రసు వెతకడానికి ఒక రౌండు, కనెక్షన్ కలపడానికి ఒకటి, డేటాని గుప్తంగా ఉంచే తాళం మార్పిడికి ఒకటో రెండో, ఆ తర్వాతే అసలు పేజీ అడగడం. నాలుగైదు రౌండ్లు వేసుకోండి, ఒక్కోటి 0.64 సెకన్లు, తెర మీద మొదటి అక్షరం పడేసరికే మూడు సెకన్లు. ఆ పేజీలో బొమ్మలు, స్క్రిప్టులు వేరే వేరే సైట్ల నుంచి వస్తే ప్రతి సైట్‌కీ మళ్లీ ఇదే తంతు. వీడియోలో అయితే ఒకసారి అడిగాక ధారగా వస్తూనే ఉంటుంది, అడగడాలు తక్కువ. పైపు పొడవు వేరు, పైపు లావు వేరు. మీ పైపు చాలా పొడవు, లావు పర్వాలేదు.

ఒక మాట అడగాలి. ల్యాబ్ కంప్యూటర్లలో వీపీఎన్ (నెట్‌ని గుప్తంగా వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) లాంటిది ఏమైనా వేశారా?

వేగం_కావాలి | అక్టోబర్ 3, రాత్రి 10.05

ఇంత బాధ దేనికండీ. స్టార్‌లింక్ లాంటి కింద తిరిగే శాటిలైట్లు 550 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి, పింగ్ యాభై లోపు కూడా వస్తుంది. భూస్థిర శాటిలైట్‌తో ఇంటర్నెట్ అనేదే పాత ఆలోచన అని నా అభిప్రాయం. అలాంటివి పంపే డబ్బుతో అడవిలో ఫైబర్ వెయ్యొచ్చు.

సముద్రంపక్క | అక్టోబర్ 3, రాత్రి 10.31

నేను అండమాన్‌లో చాలా ఏళ్లున్నాను, ఈ విషయంలో రెండు పక్కలూ చూశాను. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చేవరకు మొత్తం దీవులకి శాటిలైటే దిక్కు. పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవాళ్లం, తెల్లారి చూస్తే అరవై శాతం దగ్గర ఆగి ఉండేది. కేబుల్ పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఒక్క పోర్ట్ బ్లెయిర్‌కే సెకనుకి 200 గిగాబిట్లు చొప్పున రెండు. అదే జీశాట్-11 మొత్తం సామర్థ్యం, దేశం మొత్తానికి కలిపి, 16 గిగాబిట్లు. కాబట్టి వేగం గారు ఫైబర్ గురించి అన్నది నిజమే, కేబుల్ రాగలిగిన చోట శాటిలైట్ దానికి సాటి రాదు.

కానీ ఆ కేబుల్ వచ్చేదాకా మా ఆసుపత్రి, మా బ్యాంకు, మా పిల్లల రిజల్ట్స్ అన్నీ నడిచింది ఆ శాటిలైట్ మీదే. పాత ఆలోచన అనే మాట మాత్రం ఒప్పుకోలేను. కేబుల్ రావడానికి పట్టిన అన్నేళ్లూ మేం బతికాం కదా.

ఎల్‌ఎన్‌బీ_బాబాయ్ | అక్టోబర్ 4, ఉదయం 6.20

అమ్మా, ఇరవై రెండేళ్లు వీశాట్లు బిగించిన చేతులు నావి. బ్యాంకులు, పెట్రోలు బంకులు, గనులు, అడవుల్లో చెక్‌పోస్టులు, అన్ని చోట్లా ఎక్కాను. నీ మధ్యాహ్నం కట్ గురించి చదవగానే తేదీ చూసుకున్నాను. కంగారు పడకు, అది సూర్యుడి పని.

ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. నీ డిష్ శాటిలైట్‌నే చూస్తోంది కాబట్టి సూర్యుణ్ణి కూడా సూటిగా చూసినట్టే. సూర్యుడి రేడియో రొదలో శాటిలైట్ గొంతు వినపడదు. మన అక్షాంశాల్లో మార్చి రెండో వారం, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో. నాలుగైదు రోజులు, మొదటి రోజు ఒక నిమిషం, మధ్యలో ఏడెనిమిది నిమిషాలు, మళ్లీ తగ్గిపోతుంది. ఇవాళో రేపో ఆగిపోతుంది చూడు. దీనికి మందు లేదు, అవసరమూ లేదు.

వాన సంగతి మాత్రం నాకు నచ్చలేదు. వానకి కేయూ బ్యాండ్ (నీ డిష్ వాడే ఫ్రీక్వెన్సీలు) లింకు కాస్త తగ్గడం మామూలే, జడివానకి పోవడం కూడా మామూలే. చినుక్కి పోకూడదు. పైగా మన దగ్గర నుంచి జీశాట్-11 బాగా నెత్తి మీద ఉంటుంది, మీ ఏజెన్సీ నుంచైతే దక్షిణం నుంచి పాతిక డిగ్రీలు పడమరకి, ఎత్తు 67 డిగ్రీల దాకా. అంత నిటారుగా చూసే డిష్‌కి అడ్డొచ్చే వాన మందం తక్కువ. ఐరోపాలో పై దేశాల వాళ్ల డిష్‌లు పాతిక ముప్పై డిగ్రీల ఎత్తులోనే చూస్తాయి, వాళ్ల సిగ్నల్ వాన మబ్బుని ఏటవాలుగా చీల్చుకుంటూ చాలా దూరం పోవాలి.

ఇప్పటి మోడెమ్‌లు వాన రాగానే చేతులెత్తెయ్యవు. సిగ్నల్ తగ్గితే వేగం తగ్గించుకుని గట్టి కోడింగ్‌లోకి (తప్పులు సరిదిద్దుకోవడానికి అదనపు డేటా కలిపి పంపడం) దిగుతాయి, అలా మెట్టు మెట్టు దిగుతూ లింకుని పట్టుకునే ఉంటాయి. అంటే వాన కోసం కొంత సిగ్నల్ దాచి పెట్టుకున్నట్టు. చినుక్కే పోతోందంటే ఆ దాచింది ఎండలోనే ఖర్చయిపోయింది. నాకు కావాల్సింది ఒకటే. మోడెమ్ స్టేటస్ పేజీ తెరిచి ఎస్‌ఎన్‌ఆర్ (రొద కంటే సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో చెప్పే నంబరు) ఎంతుందో చూడు. బిగించిన రోజు కుర్రాళ్లు మోడెమ్ మీదో గోడ మీదో ఆ నంబరు రాసి వెళ్తారు, అది కూడా వెతుకు.

డిష్‌ని మాత్రం ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. టీవీ డిష్ వింటుందంతే, వీశాట్ డిష్ మాట్లాడుతుంది కూడా. పక్కకి తిరిగితే పక్క శాటిలైట్ వాళ్ల మీద నీ సిగ్నల్ పడుతుంది, వాళ్లందరికీ ఇబ్బంది. ఫీడ్ (డిష్ ముందు బిగించిన, సిగ్నల్ పంపే మూతి) ముందు తల కూడా పెట్టకూడదు.

కక్ష్య_కుర్రాడు | అక్టోబర్ 4, ఉదయం 8.02

బాబాయ్ గారూ, మీ పోస్ట్ సేవ్ చేసుకున్నాను. బీటెక్ ఈసీఈ చదువుతున్నాను, శాటిలైట్లంటే పిచ్చి.

జీశాట్-11 గురించి నాకు తెలిసింది రాస్తాను. 5,854 కిలోలు, అప్పటికి ఇస్రో కట్టినవాటిలో అన్నింటికంటే బరువైనది. మన జీఎస్‌ఎల్‌వీ మార్క్-3 నాలుగు టన్నుల దాకానే ఆ కక్ష్యకి పంపగలిగేది, అందుకే ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి ఏరియాన్-5 మీద పంపారు. 2018 వేసవిలోనే పోవాల్సింది. ఆ మార్చి చివర్లో జీశాట్-6ఏ పైకెళ్లిన రెండు మూడు రోజులకే సంబంధం తెగిపోయింది, దాంతో అప్పటికే కౌరు చేరిన జీశాట్-11ని వెనక్కి తెప్పించి మళ్లీ పరీక్షలు చేశారు. చివరికి డిసెంబరు 5 తెల్లవారుజామున ఎగిరింది. ఇప్పుడు 74 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉంది.

ఆ వెనక్కి తెప్పించడం నాకు చాలా నచ్చిన విషయం. పైకెళ్లాక స్పానర్ పట్టుకుని ఎవరూ వెళ్లలేరు. 2023లో అమెరికాలో వయాశాట్-3 మొదటి శాటిలైట్ పైకెళ్లాక పెద్ద యాంటెన్నా సరిగా విచ్చుకోలేదు, అనుకున్న సామర్థ్యంలో పది శాతం కూడా దక్కలేదు. ఏళ్ల తరబడి కట్టిన యంత్రం, ఒక్క గొడుగు తెరుచుకోక.

నా డౌటు ఏంటంటే ఈ 16 గిగాబిట్లని 32 బీమ్‌లుగా (ఒక్కోటి ఒక్కో ప్రాంతం మీద పడే సిగ్నల్ ధార) పంచడం వల్ల లాభం ఏంటి? ఒకే పెద్ద బీమ్‌లో దేశమంతా వెయ్యొచ్చు కదా?

ప్యాకెట్_పరుగు | అక్టోబర్ 4, ఉదయం 9.15

మంచి ప్రశ్న. దేశమంతా ఒకే బీమ్ అయితే నీ దగ్గరున్న ఫ్రీక్వెన్సీని ఒక్కసారే వాడగలవు. టీవీకి అది సరిపోతుంది, ఎందుకంటే అందరూ అదే చానల్ చూస్తారు. ఇంటర్నెట్‌లో ఎవరి ప్రశ్న వాళ్లది. చిన్న చిన్న బీమ్‌లుగా చేస్తే ఒకదానికొకటి ఆనుకోని బీమ్‌లలో అదే ఫ్రీక్వెన్సీని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, సెల్‌టవర్ల లెక్కే. పైగా బీమ్ చిన్నదైతే శక్తి ఒక్కచోట పడుతుంది, కింద చిన్న డిష్ చాలు. 2010లో ఐరోపా మీదికి పంపిన కా-శాట్‌కి 82 బీమ్‌లు, 2011లో అమెరికా వాళ్ల వయాశాట్-1కి 140 గిగాబిట్లు, అన్నీ ఈ పద్ధతే. మన జీశాట్-ఎన్2 కూడా అంతే, 2024 నవంబరులో ఫాల్కన్-9 మీద వెళ్లింది, 4,700 కిలోలు, కేఏ అనే ఇంకా పై ఫ్రీక్వెన్సీ బ్యాండ్, 48 గిగాబిట్లు. అందులో 32 బీమ్‌లుంటే ఎనిమిది సన్నవి ఒక్క ఈశాన్య రాష్ట్రాలకే ఇచ్చారు. కొండలు, వానలు, ఫైబర్ వెయ్యడం కష్టం అయిన చోటు కాబట్టి ఆ నిర్ణయం సరైనది.

కానీ లెక్క కూడా చూడాలి. 16 గిగాబిట్లని 32తో భాగిస్తే బీమ్‌కి 500 మెగాబిట్లు. ఒక బీమ్ కింద చాలా జిల్లాలు ఉంటాయి. ఒక్కొక్కరు ఐదు మెగాబిట్ల వీడియో పెడితే వంద మందికే నిండిపోతుంది. కాబట్టి టీచర్ గారూ, బీమ్ ఖాళీగా ఉన్నప్పుడు వాడుకునే పద్ధతి పెట్టుకోండి. పాఠాల వీడియోలు రాత్రి రెండింటికి డౌన్‌లోడ్ అయ్యేలా పెట్టి పగలు ల్యాబ్‌లో ఉన్న కాపీనే చూపించండి. పన్నెండు కంప్యూటర్లున్నాయనుకుంటే పన్నెండూ విండోస్ అప్‌డేట్లు విడివిడిగా లాగుతుంటాయి, సెట్టింగ్స్‌లో మీటర్డ్ కనెక్షన్ అని పెడితే ఆగుతాయి.

వేగం_కావాలి | అక్టోబర్ 4, ఉదయం 9.40

సముద్రంపక్క గారి మాట రాత్రంతా తలలో తిరిగింది. పాత ఆలోచన అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను సిటీలో గేమింగ్ దృష్టితో మాట్లాడాను, గేమింగ్‌కి 640 పింగ్ నిజంగా పనికిరాదు, దరఖాస్తు నింపడానికి మాత్రం సరిపోవాలి. మరి టీచర్ గారి ఫారం ఎందుకు తిరగబడుతోంది? అది లేటెన్సీ (ఈ పింగ్ ఆలస్యం) ఒక్కదాని వల్లే అంటే నమ్మలేకపోతున్నాను.

అడవిమల్లె | అక్టోబర్ 4, సాయంత్రం 5.30

అందరూ ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. బాబాయ్ గారూ, మోడెమ్ కింద స్టిక్కర్ మీద బాల్‌పెన్‌తో 11.2 అని రాసి ఉంది. ఇప్పుడు స్టేటస్ పేజీలో 6.1 చూపిస్తోంది, ఎండగా ఉన్నప్పుడే. మధ్యాహ్నం కట్ ఇవాళ రెండు నిమిషాలే.

ప్యాకెట్ గారూ, మీరు అడిగింది నిజమే. ఎవరో ఉచిత వీపీఎన్ యాప్ అన్ని కంప్యూటర్లలో వేసి వెళ్లారు, ఆన్ చేస్తే నెట్ స్పీడ్ పెరుగుతుందని పిల్లలకి చెప్పారట. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంది.

ప్యాకెట్_పరుగు | అక్టోబర్ 4, సాయంత్రం 6.10

దొరికింది, అది వెంటనే తీసెయ్యండి.

కారణం చెప్తాను. ఇంటర్నెట్ రవాణా పద్ధతి టీసీపీ కొంచెం డేటా పంపి, అందింది అనే జవాబు కోసం ఆగి, మళ్లీ పంపుతుంది. పాత రోజుల్లో ఒకేసారి 64 కిలోబైట్ల కంటే ఎక్కువ పంపేది కాదు. 0.6 సెకన్లకోసారి 64 కిలోబైట్లంటే సెకనుకి ఒక మెగాబిట్ కూడా రాదు, పైన పైపు ఎంత లావున్నా సరే. ఇప్పుడు ఆ హద్దు లేదు గానీ నెమ్మదిగా మొదలై పెరిగే గుణం అలాగే ఉంది. అందుకే వీశాట్ మోడెమ్ ఒక సాయం చేస్తుంది. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగకుండా "అందింది, పంపు" అని తనే కంప్యూటర్‌కి చెప్పి, ఆకాశం దాటించే పనిని హబ్‌తో కలిసి తన పద్ధతిలో చేసుకుంటుంది. వీపీఎన్ వేస్తే మొత్తం గుప్తంగా మూటకట్టేస్తుంది, లోపల ఏముందో మోడెమ్‌కి తెలియదు, సాయం చెయ్యలేదు. పైగా ఆ ఉచిత సర్వర్ ఏ దేశంలోనో ఉంటుంది, ఆ దూరం అదనం. మధ్యలో సర్వర్ మారిందంటే మీరు వేరే చోటి నుంచి వచ్చినట్టు కనపడి ఫారం సెషన్ కొట్టేస్తుంది. మీ మూడుసార్లకి కారణం చాలావరకు అదేనని నా నమ్మకం.

ఎల్‌ఎన్‌బీ_బాబాయ్ | అక్టోబర్ 4, రాత్రి 7.45

11.2 నుంచి 6.1. ఐదు డీబీ (డెసిబెల్) పోయిందమ్మా, అంటే సిగ్నల్ మూడో వంతు కూడా మిగల్లేదు. "శాటిలైట్ నెట్ అంతే" అన్నవాడు ఆ పేజీ తెరిచి చూడకుండానే అన్నాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. శాటిలైట్ తప్పు కాదు, 36 వేల కిలోమీటర్లు సరిగ్గా వచ్చిన సిగ్నల్ ఆఖరి ముప్పై అడుగుల్లో పోతోంది.

డాబా మీద దూరం నుంచి చూసి చెప్పు. ఫీడ్ మూతి మీద మైనపు రంగు ప్లాస్టిక్ మూత ఉంటుంది, పగిలిందా? లోపల కందిరీగల గూడు ఉందా? కేబుల్ ఎల్‌ఎన్‌బీలోకి (ఫీడ్ వెనక సిగ్నల్ పట్టే చిన్న పెట్టె) వెళ్లే కనెక్టర్ చుట్టూ నల్లటి టేపు ఉంటుంది, ఊడిందా? ఇవి మూడూ కాకపోతే గాలికి డిష్ కదిలుంటుంది. కంప్లైంట్ ఇచ్చేటప్పుడు నెట్ రావట్లేదు అనకు. బిగించినప్పుడు 11.2, ఇప్పుడు ఎండలో 6.1, లైనప్ చెక్ చెయ్యాలి, టికెట్ నంబరు ఇవ్వండి, అను. నంబరు చెప్తే కాదనలేరు.

అడవిమల్లె | అక్టోబర్ 9, రాత్రి 8.25

ఐదు రోజులు రాయలేదు, మన్నించండి. మీరు చెప్పిన మాటలు మక్కీకి మక్కీ ఫోన్‌లో చదివాను. మూడో రోజు ఒక కుర్రాడు బైక్ మీద వచ్చాడు, చివరి ఆరు కిలోమీటర్లు బురదలో తోసుకుంటూ. వానలో తడిసిన బట్టలతోనే డాబా ఎక్కాడు.

టేపు విప్పి కనెక్టర్ ఊడదీసి నాకు చూపించాడు. లోపల నీళ్లు, రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది, వేలితో తాకితే పొడి రాలింది. అది కోసేసి కొత్త కనెక్టర్ వేస్తే 8.9 వచ్చింది. చాలదన్నాడు. తర్వాత డిష్ వెనక బోల్టు ఒకటి వదులైందని కనిపెట్టాడు. హబ్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ వెంట్రుకవాసి కదుపుతూ నంబరు చెప్పించుకుంటూ గంటన్నర నిలబడ్డాడు. 9.6, 10.3, మళ్లీ 10.1, చివరికి 11.0 దగ్గర బిగించాడు. ఒక డిగ్రీలో పదో వంతు కదిపితే అక్కడ శాటిలైట్ దగ్గర అరవై కిలోమీటర్ల తేడా అని చెప్పాడు, మా తొమ్మిదో తరగతి పిల్లలు కింద నిలబడి వింటున్నారు, మర్నాడు క్లాసులో అదే లెక్క చేయించాను.

వీపీఎన్ తీసేశాను. నిన్న సాయంత్రం వాన పడుతుండగా ఏడుగురి దరఖాస్తులు వెళ్లాయి, ఒక్కటీ తిరగబడలేదు. నెట్ నెమ్మదించింది గానీ పోలేదు. ఆ మూడుసార్లు నింపిన పాపది మొదట పంపాను. కాల్‌లో ఆలస్యం ఎలాగూ ఉంటుంది కాబట్టి అవతలి టీచరూ నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం, మాట అయిపోగానే చెయ్యి పైకెత్తాలి, చెయ్యి కనపడ్డాకే ఇవతల మొదలు.

కక్ష్య_కుర్రాడు | అక్టోబర్ 9, రాత్రి 9.00

చాలా సంతోషం మేడమ్. ఒకటి గుర్తు పెట్టుకోండి, మార్చిలో సూర్యుడి కట్ ఇదే టైముకి రాదు, దాదాపు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అక్టోబరు మొదట్లో సూర్యుడు గడియారం కంటే పది నిమిషాలు ముందుంటాడు, మార్చి రెండో వారంలో తొమ్మిది నిమిషాలు వెనకుంటాడు. కాబట్టి మీ దగ్గర పన్నెండూ నలభై ఐదు, యాభై మధ్య చూసుకోండి.

అడవిమల్లె | అక్టోబర్ 9, రాత్రి 9.20

రాసుకున్నాను. మార్చిలో ఆ వారం ఆన్‌లైన్ పీరియడ్‌ని మధ్యాహ్నం రెండుకి మార్చమని హెచ్‌ఎం గారికి ఇప్పుడే చెప్పాను. పన్నెండూ నలభైకి పిల్లల్ని ల్యాబ్‌లో మోడెమ్ పేజీ ముందు కూర్చోబెట్టి, సూర్యుడు వెనక్కి వస్తుంటే నిమిషం నిమిషానికి ఆ నంబరు ఎలా పడిపోతుందో గ్రాఫ్ గీయిస్తాను. గీశాక ఇక్కడ పెడతాను బాబాయ్ గారూ, మీరు చూడాలి.

ఎల్‌ఎన్‌బీ_బాబాయ్ | అక్టోబర్ 10, ఉదయం 6.05

తప్పకుండా పెట్టమ్మా. ఆ కొత్త కనెక్టర్ మీద టేపు మళ్లీ వానాకాలం రాకముందు మే నెలలో ఒకసారి చూపించు. ఆ రోజు నంబరు కూడా స్టిక్కర్ మీద 11.0 పక్కన తేదీ వేసి రాయించు.